బేగంపేటలో కనబడని చుక్కలు

హైదరాబాదు బేగంపేటలో పాత నిజామియా వేధశాల గుమ్మటాలు నేటికీ నిలిచి ఉన్నాయి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఆరంభించిన ఈ వేధశాలలో, ఏడు లక్షలకు పైగా నక్షత్రాలను ఫొటో పలకల మీద కొలిచి వాటి స్థానాలు రాసిపెట్టారు. ఆ వీధిలో రాత్రివేళ మేము తలెత్తి చూడగా వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని చుక్కలే కనబడ్డాయి. మబ్బు లేదు. దీపాల వెలుగు పైకి పోయి, దుమ్ముకూ పొగకూ తగిలి చెదిరి, ఆకాశానికి పాలిపోయిన తెర కడుతుంది. చుక్కలు అందులో మునిగిపోతాయి.

అందుకే ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు 48 అంగుళాల దూరదర్శినిని 1968లో నగరానికి దూరంగా జాపాల్-రంగాపూర్‌లో నెలకొల్పారు. నగరం ఇప్పుడు ఆ దిక్కుకూ పెరుగుతోంది.

చలికాలంలో కల్లం దగ్గర కాపలా పడుకునే మీకు పిల్లలకోడి, గొల్లకావడి తెలిసినవే. పట్నంలోని మా పిల్లలకు అవి పేర్లు మాత్రమే. మీ వీధిలో పంచాయతీవారు కొత్త దీపం వేయిస్తుంటే, పైన రేకు కప్పు పెట్టించమని అడగండి. చీకటి పడ్డాక ఆడవాళ్లు నడిచే దారికి దీపం ఉండాల్సిందే, కాదనము. కప్పు ఉంటే ఆకాశానికి పోయే వెలుగు కూడా ఆ దారి మీదే పడుతుంది.