దవడ కింది వాపుకు తొందరపడి పేరు పెట్టకండి

మన ఇళ్ళలో ఎవరికైనా దవడ కింద వాపు కనిపిస్తే పెద్దలు వెంటనే ‘గవదబిళ్ళలు’ అంటారు. పసుపు పట్టు వేసి నాలుగు రోజులు చూద్దామంటారు. గవదబిళ్ళలే అయితే సాధారణంగా వారం, పది రోజుల్లో తగ్గిపోతాయి. తగ్గకపోతే క్షయ అని ఒకరు, క్యాన్సర్ అని మరొకరు గుసగుసలాడతారు. పరీక్ష లేకుండా పెట్టిన పేరు కొందరిలో నిర్లక్ష్యాన్ని, మరికొందరిలో భయాన్ని పెంచుతుంది.

రెండేళ్ళ క్రితం మా మదర్సాలో హిఫ్జ్ చేస్తున్న పన్నెండేళ్ళ బాలునికి దవడ కింద కుడివైపు మెత్తని వాపు వచ్చింది. నొప్పి లేదు, జ్వరం లేదు. ఊళ్ళో ఒకచోట సూదితో నీరు తీయించారు. నెల తిరక్కుండానే వాపు మళ్ళీ వచ్చింది. తోటి పిల్లలు దస్తర్‌ఖాన్ మీద అతనికి దూరంగా జరగసాగారు. తండ్రి వచ్చి, “హజ్రత్, ఇది అంటుకునే జబ్బేమో. ఇంటికి తీసుకుపోతాను” అన్నాడు. “ముందు ఇదేమిటో తెలుసుకుందాం” అని ఇద్దరినీ వెంటబెట్టుకొని పెద్దాసుపత్రికి వెళ్ళాము.

వైద్యురాలు నాలుక కింద ఒక వేలు, దవడ కింద మరో చేయి ఉంచి వాపును తడిమారు. తినేటప్పుడు పెరుగుతుందా అని అడిగారు. నాలుక బయటకు చాపమన్నారు. మేము కారణం అడిగితే ఓపికగా వివరించారు. భోజన వేళ ఉబ్బి నొప్పి పెడితే లాలాజల నాళంలో రాయి ఉండవచ్చు. మెడ మధ్యలో ఉండి, నాలుక చాపినప్పుడు పైకి కదిలితే అది థైరాయిడ్ గ్రంథి దిగివచ్చిన దారిలో పుట్టుక నుంచీ మిగిలిన తిత్తి కావచ్చు. వారాల తరబడి తగ్గని బిళ్ళలు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే క్షయను అనుమానిస్తారు. క్షయ అయినా కలిసి తినడం వల్ల అంటుకోదు.

స్కానింగ్, సూది పరీక్ష అయ్యాక విషయం తేలింది. నాలుక కింది లాలాజల గ్రంథి నుంచి కారిన ఊట కండరాన్ని దాటి దవడ కింద నిలిచింది. ఊరే గ్రంథి అక్కడే ఉండగా నీరు ఎన్నిసార్లు తీసినా ఫలితం ఉండదు. శస్త్రచికిత్సతో ఆ గ్రంథిని తొలగించారు. బాలుడు తిరిగి తన పాఠంలో కూర్చున్నాడు.

“మా వయసు వారికి ఇలాంటి వాపే వస్తే?” అని అడిగాము. ఆమె సమాధానం ఇప్పటికీ మా మనసులో ఉంది. “నలభై దాటినవారి మెడలో నీటి తిత్తి కనిపిస్తే మేము తేలిగ్గా తీసుకోమండీ. టాన్సిల్‌లోనో, నాలుక మొదట్లోనో దాగిన క్యాన్సర్ మెడ బిళ్ళలోకి పాకి, నీరు పట్టి మామూలు తిత్తిలా కనిపించవచ్చు. సూది పరీక్షలో ఒకసారి ఏమీ లేదని వచ్చినా అనుమానం వదలం.” పొగతాగేవారు, గుట్కా, జర్దా నమిలేవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

రెండు వారాలు దాటినా తగ్గని వాపును వైద్యునికి చూపించండి. వాపుతో పాటు జ్వరం వచ్చి, మింగలేకపోయినా, ఊపిరి ఆడకపోయినా తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి చేరండి. ఎవరో చెప్పారని ఒక రివాయత్‌ను ఒప్పుకోరాదని, చెప్పినవారెవరో విచారించాలని మేము పిల్లలకు నేర్పుతాము. మన బిడ్డల ఒంటి మీది వాపు విషయంలోనూ అంతటి విచారణ అవసరమే.