వానలో గోల్ఫ్

జంషెడ్‌పూర్‌లోని సోనారి అంచున, దోముహానీ వద్ద, ఖర్కాయి సువర్ణరేఖలో కలుస్తుంది. జూన్‌లో రుతుపవనాలు రాగానే నదులు పొంగుతాయి. చేరువలోని బెల్డీ గోల్ఫ్ మైదానం చిత్తడి అవుతుంది. టాటా స్టీల్ టూర్ చాంపియన్‌షిప్‌ను ఇక్కడ డిసెంబరులో జరపడం వివేకమే!

వానలో ఆటగానికి మొదటి శత్రువు తడిసిన కర్రపిడి. గొడుగు ఊచకు వేలాడదీసిన పొడి తువ్వాలు ఖరీదైన కర్రకన్నా మేలు చేస్తుంది. తాత్కాలికంగా నిలిచిన వాననీటిలో బంతి పడితే చింత లేదు. దండన లేకుండానే దానిని పొడినేలకు మార్చుకోవచ్చునని నియమం. గుంటకు మరింత దగ్గరగా మాత్రం జరుపరాదు.

ఉరుము వినిపిస్తే సంగతి వేరు. జార్ఖండ్‌లో ఏటా పిడుగులు ప్రాణాలు తీస్తున్నాయి. పిడుగు భయం తోచిన ఆటగాడు ఎవరి అనుమతికీ ఎదురుచూడక ఆట నిలుపవచ్చు. చెట్టుకిందకు కాదు, పక్కా కట్టడంలోకి పోవాలి. కర్రల సంచి తడిస్తే తడవనీ.