బ్రూజ్ గంటలు, మన బడిగంట

బెల్జియము దేశమందలి బ్రూజ్ నగరమునకు పోయినవారు అచ్చటి సంతబయలునందలి ఘంటాగోపురమును చూడక మరలిరారు. ఈ పాఠశాలలో ఒక్క బల్లపై కూర్చుండి చదివిన మేమిరువురము, పెక్కేండ్లకు పిమ్మట ఉద్యోగరీత్యా ఐరోపాకు పోయియుండి, ఒక సెలవునాడు దాని నెక్కితిమి.

గోపురము 83 మీటర్ల యెత్తు గలది. మెట్లు 366; పైకి పోవుకొలది ఇరుకు. దిగివచ్చువారికి త్రోవ యిచ్చుటకై గోడ నంటుకొని నిలువవలసివచ్చెను. పూర్వము నగరపు ధనమును, శాసనపత్రములును ఇందే భద్రపరచెడివారు. 1280లో అగ్ని పుట్టి ఆ పత్రములు కాలిపోయెను. 1741లో కొయ్యశిఖరము దగ్ధమై గంటలును నశించెను. పురజనులు శిఖరమును మరల నిలుపలేదు గాని, గంటలు లేక యుండజాలక క్రొత్తవి పోత పోయించిరి. నేడున్న 47 గంటలలో 26 జోరిస్ డ్యూమెరి యను లోహకారుడు ఆ కాలమున పోసినవే.

ఈ గంటల వాద్యమునకు కారిల్లాన్ అని పేరు. ఇందు గంటలు ఊగవు. పావుగంట కొకసారి, మేకులు దిగవేసిన పెద్ద పీపా యొకటి తిరిగి, తీగలను లాగి, సుత్తులచే పాట పలికించును. కొన్ని దినములందు మాత్రము వాదకుడే పైకెక్కి, వరుసగా నమర్చిన కొయ్యపిడులను పిడికిళ్లతో గ్రుద్దుచు, కాళ్లతో త్రొక్కుచు వాయించును.

మేము దిగివచ్చి బయలున నిలిచినప్పుడు అట్టి వాదనము మొదలయ్యెను. జనులు ఫలహారములు చేయుచు, ముచ్చటలాడుచు వినుచుండిరి. వాయించువాడు ఎవరికిని కానరాడు. ఎవరును తలయెత్తి చూడలేదు. మేము ఒకరి మొగ మొకరము చూచుకొంటిమి. ఇరువురకును జ్ఞప్తికి వచ్చిన దొక్కరే: మన బడిగంట తాత.

తొమ్మిదవ తరగతిలో నుండగా, వేపచెట్టున వ్రేలాడు రైలుపట్టా ముక్కను కొట్టెడి ఇనుపకడ్డీని మేము దాచితిమి. గంట ఆలస్యమయ్యెను. తాతకు చీవాట్లు పడెను; ఒక దినపు జీతమును తెగెను. మేము నవ్వితిమి. మరునాడు ఆ కడ్డీని రహస్యముగా తెచ్చి పెట్టుచుండగా ఆయన మమ్ము చూచెను. ఎవరితోను చెప్పలేదు. "వేళయినది, లోనికి పొండి బాబూ" అని మాత్ర మనెను.

బ్రూజ్ నుండి వచ్చిన పిమ్మట, క్షమింపుమని అడుగుటకై ఆయన యింటికి పోయితిమి. అప్పటికాయన గతించి ఆరు మాసములయ్యెను.

విద్యార్థులారా, రేపు గంట మ్రోగినప్పుడు ఒక్కసారి తలయెత్తి, దానిని కొట్టు చేతిని చూడుడు. మేము చూడమైతిమి.