కవరు మీద చేతిరాత

అమ్మ పోయిన ఏడాదికి ఊళ్ళో ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద వక్కపొడి డబ్బా ఒకటి దొరికింది. లోపల పాత నాణేలు. నల్లగా, జిడ్డుగా, ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పండగకి ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండూ ఉప్పూ వేసి గంటసేపు కూర్చుని తోమాను. ముప్ఫై ఆరు నాణేలు, ముప్ఫై ఆరూ తళతళలాడాయి. వాటిని చేతిరుమాల్లో మూటగట్టుకుని, డబ్బా కూడా సంచీలో పడేసుకుని, హైదరాబాదు పాతబస్తీలో చార్మినారుకు దగ్గర్లోనే ఉన్న ఒక నాణేల దుకాణానికి పట్టుకెళ్ళాను.

సేటుగారు రుమాలు విప్పి చూశారు. మళ్ళీ మూసేశారు.

"ఎవరు తోమిండ్రు సార్?"

"నేనేనండి."

ఎవరో పోయారని విన్నప్పుడు పెట్టే ముఖం పెట్టి, "చాయ్ తాగుతరా?" అన్నారు.

చాయ్ వచ్చేలోగా నాకు అర్థమైంది, నేను గంటసేపు కూర్చుని పోగొట్టింది మురికిని కాదని. వెండి మీద వందేళ్ళుగా పట్టిన ఆ నలుపే నాణేనికి చర్మమట. సేకరించేవాళ్ళు దానికే డబ్బులిస్తారు. నేను ఆ చర్మం వలిచి తెచ్చాను. మా మూటలో విక్టోరియా రాణి బొమ్మతో 1862 నాటి రూపాయి ఒకటి ఉంది. 1862 అని ఉన్నంత మాత్రాన అది ఆ ఏడే పుట్టిందనుకోకూడదు. 1874 దాకా అదే తేదీతో కొట్టుకుంటూ పోయారు, తేదీ కింద చిన్న చిన్న చుక్కలు పెడుతూ. ఆ చుక్కల లెక్కను బట్టి రూపాయి వయసు చెబుతారు, ధర కట్టేది కూడా చాలావరకు వాటిని చూసే. సేటుగారు భూతద్దం పెట్టి చాలాసేపు వెతికారు. నా చింతపండు కిందా, గోకిన పీచు కిందా ఆ చుక్కలు ఉన్నాయో లేవో ఆయనకే తేలలేదు.

ఆ రోజు మొదలు ఆ దుకాణానికి వెళ్ళడం అలవాటైంది. కొనేది తక్కువ, కూర్చునేది ఎక్కువ. నాలాంటి వాళ్ళ కోసమే కాబోలు, గోడవారగా ఒక బల్ల వేసి ఉంచారు. దుకాణం పేరు రాయను. వాళ్ళకు ప్రచారం ఇష్టం లేదు.

ఇప్పుడున్న సేటుగారి తాత షరాబు. షరాబు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు గానీ, నిజాం రాజ్యంలో ఆ మనిషి లేనిదే సంత జరిగేది కాదు. ఇక్కడి రూపాయి హాలీ సిక్కా, బయట బ్రిటిష్ రూపాయి కల్దార్. రెండింటిలో వెండి ఒకటి కాదు, బరువూ ఒకటి కాదు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. నూరు కల్దార్ల మూట విప్పితే నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైలు హాలీలో లెక్కగట్టి ఇవ్వాలి. బెజవాడ నుంచి వచ్చినవాడు రైలు దిగగానే చూసే మొదటి ముఖం షరాబుదే. మార్చి ఇచ్చినందుకు వట్టం పట్టుకునేవాడు. పోలీసు చర్య తర్వాత కూడా కొన్నేళ్ళు రెండు రూపాయలూ పక్కపక్కనే నడిచాయి. 1959లో హాలీ చరిత్ర ముగిసింది. షరాబు పని కూడా దానితోనే ముగిసింది. మిగిలినవి ఇక చెల్లని హాలీ రూపాయలున్న కొన్ని గోనె సంచులూ, వెండిని చెవితో గుర్తుపట్టే ఒక ముసలాయనా.

ఆ చెవి గురించి చెప్పాలి. దుకాణంలో నల్లరాయి పలక ఒకటి ఇప్పటికీ ఉంది. తాతగారు రూపాయిని దాని మీద పడేసేవారట. పాత రూపాయిలో నూటికి తొంభై పాళ్ళకు పైగా వెండి. గుడిగంట చిన్నపిల్లాడి చేతికిస్తే మోగినట్టు మోగుతుంది. 1940 నుంచి వెండి సగానికి పడిపోయింది, మోత పొట్టిది. 1947 నాటి రూపాయిలో వెండే లేదు, అంతా నికెలు. ఆ రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇది చూసి ముచ్చటపడి, వీధిలో ఎవడో "మహిమగల నాణెం" అని అమ్ముతుంటే కొనేవాళ్ళు మనలోనే ఉన్నారు. బియ్యం లాక్కునే నాణెం, కోట్ల ఖరీదు, విదేశాల వాళ్ళు కొంటారు అంటూ రైస్ పుల్లింగ్ పేరిట ఎన్ని కాపురాలు కూలాయో మీరు పేపర్లలో చదివే ఉంటారు.

నేనూ ఏమంత తెలివైనవాణ్ణి కాను. ఒక తీర్థంలో 'ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818' అని రాసి ఉన్న రాగిబిళ్ళ కొన్నాను. ఒకవైపు సీతారాముల పట్టాభిషేకం. సేటుగారి నాన్నగారు అప్పటికింకా ఉన్నారు. దాన్ని వేళ్ళతో ముట్టుకోకుండానే "దేవుని దగ్గర పెట్టుకోండ్రి, మంచిగుంటది" అన్నారు. అలాంటి నాణెం కంపెనీ ఎన్నడూ కొట్టలేదు. విచిత్రం ఏమిటంటే, దేవుడి బొమ్మతో కంపెనీ కొట్టిన అసలు నాణేలు ఉన్నాయి. మద్రాసులో 1808 ప్రాంతంలో కొట్టిన వెండి అర వరహా, పావు వరహాల మీద ఒకవైపు గోపురం, ఇంకోవైపు విష్ణుమూర్తి, చుట్టూ తెలుగులోనూ తమిళంలోనూ నాణెం పేరు. అసలుది ట్రేలో ఎదురుగా ఉంటే అంత ధర ఎందుకన్నాను, దొంగదాన్ని బేరమాడి మరీ కొన్నాను.

ఈ వ్యాపారంలో తాత నుంచి మునిమనవరాలికి ఏం చేరుతుంది? సరుకు కాదు. సరుకు వస్తూ పోతూ ఉంటుంది. చేరేవి కవర్లు.

నాణేల దుకాణాల్లో చూసే ఉంటారు, రెండు వేళ్ళ వెడల్పు చదరపు కాగితం కవరు. లోపల నాణెం, పైన దాని కథ: ఏ రాజు, ఏ టంకశాల, ఏ సంవత్సరం, ఎంత తూకం, ఒక మూల ధర. ఈ దుకాణంలో తాత కవర్లు మహాజనీ లిపిలో ఉంటాయి, గుణింతాలు ఎగరగొట్టి గొలుసుగా రాసే షాహుకార్ల రాత. నాన్న కవర్లు ఆకుపచ్చ సిరాతో ఇంగ్లీషులో. ఇప్పటి సేటుగారివి బాల్‌పెన్నుతో. ఆయన కూతురు మొదట్లో కంప్యూటర్లో అచ్చు వేసి అతికించింది. వారం తిరక్కుండానే పాత ఖాతాదారు ఒకాయన "అమ్మా, చేత్తో రాసి ఇయ్యి" అన్నాడట. ఇప్పుడు తనూ చేత్తోనే రాస్తోంది.

ఆయన ఎందుకలా అడిగాడో ఒక మధ్యాహ్నం నా కళ్ళతో చూశాను. వరంగల్లు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి కవరొకటి గల్లా మీద పెట్టాడు. ఆకుపచ్చ సిరా. లోపల వెండి నాణెం. "మీ నాయన దగ్గర కొన్న. మొన్న ఒకాయనకు చూపిస్తే ఇది నకిలీ అన్నడు." సేటుగారు తూకం వేశారు. అంచును వేలిగోటితో తడిమి, భూతద్దం కింద తిప్పారు. అచ్చుతో కొట్టిన నాణేనికి అంచు ఒకలా ఉంటుంది. మూసలో పోసినదానికి రెండు సగాలూ కలిసినచోట సన్నని గీత, ఒంటి మీద సూదిమొనంత బుడగల గుంటలు. కూతురు ఫోనుకి లెన్సు తగిలించి ఆ గుంటలు నాకూ చూపించింది. పోత నాణెమే. నాన్నగారు మోసపోయారు, మోసపోయి అమ్మారు.

సేటుగారు పెట్టె తెరిచి డబ్బు లెక్కపెట్టడం మొదలెట్టారు. కవరు మీదున్న పాత ధర కాదు, అసలు నాణెమైతే ఈరోజు ఎంత పలుకుతుందో అంత. కూతురు ముఖం ఎర్రబడింది. పెద్దమనిషి వెళ్ళేదాకా ఆగి, కొన్న ధర ఇస్తే న్యాయం, ఈరోజు ధర ఇవ్వాలని ఏ చట్టంలో ఉంది అని గట్టిగానే అడిగింది. ఆయన ఖాళీ కవరు దీపం కింద పెట్టి, "నాన్న చేతిరాత ఉన్నది కదా బేటా" అన్నారు. అమ్మాయి ఒప్పుకోలేదు. నేనున్నంతసేపూ తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకోలేదు. లెక్క ప్రకారం అమ్మాయిదే సబబు. కానీ నాణెం కొనవలసి వస్తే నేను తండ్రి దగ్గరే కొంటాను.

పాత చీటీకీ, పేరుకీ ఇచ్చే ఈ విలువ ఒక్క పాతబస్తీదే కాదు. లండన్‌లో స్పింక్ అనే సంస్థ 1666 నాటిది, ఆ నగరం తగలబడిన ఏడు పుట్టింది. తరాలపాటు ఒకే ఇంటిపేరు కింద నాణేలూ పతకాలూ అమ్మింది. 1993లో క్రిస్టీస్ వేలం సంస్థ చేతికి వెళ్ళింది. ఇంటివాళ్ళు పోయారు, ఇంటిపేరు మాత్రం ఇప్పటికీ బోర్డు మీద ఉంది. 1872లో ప్లిమత్ రేవులో మొదలై లండన్ చేరిన బాల్డ్విన్ కుటుంబం సంగతీ అంతే, కొట్టు చేతులు మారింది, పేరు నిలిచింది. ఆ కొట్ల పాత చీటీలు నాణెంతోపాటు ఉంటే అక్కడి సేకర్తలు పారేయరు, దాచుకుంటారు. చీటీ పోయిన నాణేన్ని మన పెద్దలైతే గోత్రం తెలియని పెళ్ళికొడుకును చూసినట్టు చూస్తారు.

మన పాతబస్తీ దుకాణంలో తాతగారు పెట్టిన రెండు నియమాలు ఇంకా నడుస్తున్నాయి. ఒకటి, మట్టి అంటిన నాణెం కొనకు. పొలం దున్నుతుంటే బిందె దొరికిందని చీకటిపడ్డాక వచ్చేవాళ్ళు ఉంటారు. 1878 నాటి చట్టం ఇంకా బతికే ఉంది: పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలి. పది రూపాయలు ఇప్పుడు చాయ్‌కి చాలవు, చట్టం మాత్రం అలాగే ఉంది. భయం ఒక్కటే కాదు కారణం. కరీంనగర్ వైపు కోటిలింగాలలో దొరికిన నాణేల మీది పేర్లు, సమగోపుడు, చిముకుడు, చదివాకే శాతవాహనుల మొదటి రోజుల సంగతి మనకు కాస్త తెలిసింది. అవి విడివిడిగా షరాబుల మూసల్లోకి పోయి ఉంటే ఆ పేజీ ఉండేదే కాదు.

రెండోది, పేరున్న వెండి కరిగించకు. దుకాణంలో పతకాల ట్రే ఒకటి ఉంది. మొదటి ప్రపంచయుద్ధం పతకాన్ని పక్కకు తిప్పి చూస్తే అంచు మీద సిపాయి నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. యుద్ధానికి వెళ్ళినవాడి ఒకే ఒక చిరునామా అది. సిపాయిలకు వెండి పతకం; వాళ్ళ వెనక బరువులు మోసిన కూలీ దళాలకు కంచుది. చావు దగ్గర కూడా లోహం తేడా చూపించిన దొరతనం. వెండి ధర పెరిగినప్పుడల్లా మనవలు వీటిని కంసాలి దగ్గరికి తెస్తారు. తాడేపల్లిగూడెం దగ్గర మా మేనమామ ఊరికి పక్కనే మిలిటరీ మాధవరం, రెండు యుద్ధాలకూ ఇంటికో మనిషిని పంపిందని పేరున్న ఊరు. సేటుగారికి ఆ పేరు తెలుసు. "మీ దిక్కు నుంచి వస్తే పేరు చూసి చెప్తా సార్, ఆ ఇంటోళ్ళకే అమ్ముత" అంటారు. ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

మొదటి రోజు సంగతి పూర్తి చేయాలి కదా. చాయ్ అయ్యాక సేటుగారు "డబ్బా ఏది?" అన్నారు. ఖాళీదండీ అన్నాను. అయినా చెయ్యి చాపారు. అడుగున వక్కపొడి జిగురులో అతుక్కుని ఒక నల్లటి బిళ్ళ ఉంది. నా చింతపండు దానిదాకా పోలేదు. ఆయన దాన్ని గోటితో పెకలించలేదు, డబ్బానే ఎండలో పెట్టి జిగురు మెత్తబడేదాకా ఆగారు. రాగి. 1794. కంపెనీ ముద్ర, ఇంగ్లీషులో 'నలభై ఎనిమిది ఒక రూపాయికి' అన్న లెక్క. బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో బోల్టన్ అనే ఆసామి ఆవిరి యంత్రాల మీద మన ఉత్తర సర్కారుల కోసం కొట్టి ఓడల్లో పంపినది. "మీ గోదావరి దిక్కే నడిచింది సార్. దీన్నే డబ్బు అనేటోళ్ళు." ఒక రాగి నాణెం పేరు సొమ్మంతటికీ పేరైపోయిందని నాకు తెలుసు, ఆ నాణెం మా అటక మీద ఉందని తెలియదు.

ముప్ఫై ఆరింటికీ కలిపి ఆయన చెప్పిన ధర కన్నా ఆ ఒక్కదానికి చెప్పింది ఎక్కువ. అమ్మలేదు. కవరు మీద బాల్‌పెన్నుతో వివరాలు రాసి, ధర ఉండాల్సిన మూల ఖాళీగా వదిలి ఇచ్చారు. కవరు ఖరీదు అడిగితే నవ్వారు.

మీ ఇంట్లోనూ అటక మీద ఇలాంటి డబ్బా ఉండే ఉంటుంది. దొరికితే దొరికినట్టే, జిడ్డుతో సహా, డబ్బాతో సహా ఎవరైనా తెలిసినవాళ్ళకు చూపించండి. చింతపండు మాత్రం పెట్టకండి.