ఈకతో అల్లిన ఉపమ

ఉపమాలంకారంలో నన్ను ఎక్కువగా ఆకర్షించేది సమానధర్మం. ముఖాన్ని చంద్రునితో పోల్చే కవి చంద్రునిలోని ఆహ్లాదకరమైన కాంతిని మాత్రమే గ్రహిస్తాడు. మచ్చను, క్షయాన్ని విడిచిపెడతాడు. దేనిని గ్రహించాలో తెలియడం కన్నా దేనిని విడిచిపెట్టాలో తెలియడమే కష్టం. ఈ సత్యానికి నాకు లభించిన చక్కని ఉదాహరణ కావ్యాలలోనిది కాదు. ట్రౌట్ చేపలను పట్టేవారి గాలానికి సంబంధించినది.

ట్రౌట్ చల్లని, స్వచ్ఛమైన నీటిలో పెరిగే చేప. నీటి పురుగులు దానికి ముఖ్యమైన ఆహారం. అందువల్ల దానిని పట్టగోరేవారు ఈకలను, ఉన్నిని, దారాన్ని గాలపు కొక్కేనికి చుట్టి పురుగును పోలిన ఎరను తయారుచేస్తారు. దానినే ‘ఫ్లై’ అంటారు. మాసిడోనియా దేశపు జాలరులు ఎర్రని ఉన్నితో, కోడి ఈకలతో ఇటువంటి ఎరను కట్టేవారని రోమన్ రచయిత ఈలియన్ సుమారు 1800 ఏళ్ల క్రితమే వర్ణించాడు.

ఇంగ్లండులో ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ 1886లో నీటిపై తేలే ఫ్లైలను గురించి గ్రంథం ప్రకటించాడు. రెక్కలు, కాళ్లు, రంగులు అన్నీ సహజకీటకానికి సరిపోలాలన్నది ఆయన పట్టుదల. తేలే ఫ్లైని తప్ప మరొకదానిని వాడడం మర్యాద కాదని ఆయన అనుయాయులు భావించారు. అయితే ట్రౌట్ తన ఆహారంలో ఎక్కువభాగాన్ని నీటి లోపలే తీసుకుంటుంది. మేఫ్లై అనే కీటకాన్నే చూడండి. రెక్కలతో అది జీవించేది కొద్ది గంటలో, కొద్ది రోజులో. అంతకుముందు నెలల తరబడి ‘నింఫ్’ రూపంలో నీటి అడుగున ఉంటుంది. ఆ రూపాన్నే అనుకరించాలని జి.ఇ.ఎం. స్క్యూస్ అనే న్యాయవాది వాదించాడు. 1938లో లండన్‌లోని ఫ్లైఫిషర్స్ క్లబ్‌లో దీనిపై పెద్ద చర్చే జరిగింది.

ఆ వాదానికి పరిపూర్ణతను తెచ్చినవాడు విల్ట్‌షైర్‌లో ఏవన్ నదికి కాపలాదారుగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్. ఆయన నిత్యం నీటిని పరిశీలించేవాడు. నింఫ్ ఈదేటప్పుడు కాళ్లను దేహానికి చేర్చి ఉంచుతుందని గమనించాడు. అందుచేత తన ఫ్లైకి కాళ్లు కట్టలేదు. కోడి కుటుంబానికి చెందిన ఫెజెంట్ పక్షి తోక ఈకపోచలు, సన్నని రాగితీగ: ఆయన వాడినవి ఈ రెండే. తీగ దారంవలె ఈకను బంధిస్తుంది. తన బరువుతో ఎరను ముంచుతుంది. అది చేప సమీపానికి చేరినప్పుడు గాలపుకర్ర కొనను మెల్లగా పైకెత్తితే, నింఫ్ నీటిపైకి ఈదుతున్నట్లే ఉంటుంది. 1958లో వెలువడిన తన పుస్తకంలో సాయర్ ఈ అనుభవాలను వివరించాడు.

ఫ్లైని ఎంచుకోవడంలోనూ ఇదే వివేకం కావాలి. అనుభవజ్ఞులు ముందుగా పెట్టె తెరవరు. నీటిలోని రాయిని తిప్పి, దానిని అంటుకొని ఉన్న పురుగులను చూస్తారు. పరిమాణం, ఆకారం, కదలిక సరిపోయిన తరువాతనే రంగును గురించి ఆలోచిస్తారు.

అలంకారశాస్త్రంతో ఏళ్లు గడిపిన నావంటివారికి విశేషణాలను చేర్చాలనే మోజు సహజం. చదువరి మనస్సులో వస్తువును కదిలించని విశేషణం, ఎంత మధురమైనదైనా, ఆ ఫ్లైకి కట్టిన అనవసరపు కాలివంటిదే. రంగురంగుల ఫ్లైని చూసి మెచ్చుకొనేది అంగడిలోని మనిషి. నదిలో దానిని పరీక్షించేది చేప. సాయర్ చేప పక్షాన నిలిచి చూశాడు. కాళ్లులేని ఆయన ఫ్లైని నేటికీ అనేక దేశాలలో ట్రౌట్ వేటకు కడుతూనే ఉన్నారు.