క్రియ చివర్లో ఉంటే

ఎస్‌క్యూఎల్‌ని మా వృత్తిలో చాలామంది "సీక్వెల్" అనే అంటారు. 1974లో ఐబీఎమ్‌లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ దానికి పెట్టిన పేరు అదే. అందులో ఒక అక్షరం ఇంగ్లీషుకి గుర్తు. ట్రేడ్‌మార్క్ గొడవతో పేరు కురచైంది కానీ పోకడ మారలేదు. క్రియ ముందు, షరతు ఆఖర్న. "తొలగించు, ఆర్డర్ల టేబుల్లోంచి, ఫలానా తేదీకి ముందువి" అన్నట్టుంటుంది. అదే మనమైతే "ఆర్డర్ల టేబుల్లో ఫలానా తేదీకి ముందువి తొలగించు" అంటాం.

ఈ వాక్యాలు రాయడానికి ఇప్పుడు దారులు చాలా ఉన్నాయి. ఒరాకిల్ వారి ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో టేబుల్ పేరుని మౌస్‌తో లాక్కొచ్చి పడేస్తే వాక్యం దానంతటదే తయారవుతుంది. క్వెరీ బిల్డర్‌లో టిక్కులు పెట్టుకుంటూ పోయినా చాలు. తేడా అంతా నడపడంలో ఉంది. అక్కడ కంట్రోల్-ఎంటర్ కొడితే కర్సర్ ఉన్న వాక్యం ఒక్కటే నడుస్తుంది. ఎఫ్5 కొడితే స్క్రిప్టు మొత్తం నడుస్తుంది. పొరపాటైతే కమిట్ చేసేలోపు రోల్‌బ్యాక్ అనొచ్చు. మైక్రోసాఫ్ట్ వారి మేనేజ్‌మెంట్ స్టూడియోలో అదే ఎఫ్5 కొడితే, మౌస్‌తో గుర్తుపెట్టినంత మేరే నడుస్తుంది. ఏమీ గుర్తుపెట్టకపోతే కిటికీలో ఉన్నదంతా నడుస్తుంది. మనం ముందే ట్రాన్సాక్షన్ మొదలుపెట్టకపోతే, మామూలుగా అయిందంటే అయినట్టే.

2018లో ఓ క్లయింటు దగ్గర నా పక్క సీట్లో మనవాడొకడు పనిచేసేవాడు. డిలీట్ పై లైన్లో, వేర్ కింది లైన్లో రాశాడు. మౌస్ పై లైను దగ్గరే ఆగిపోయింది. ఎఫ్5 కొట్టాడు. టేబుల్ ఖాళీ! బ్యాకప్ లోంచి అంతా తిరిగి తెచ్చేసరికి తెల్లారింది. శుక్రవారానికి అతని కాంట్రాక్టు ముగించేశారు. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. ఇంట్లో భార్యకి ఏడో నెల. అసలు ప్రొడక్షన్ డేటాబేస్‌లో చెరిపే హక్కు అతనికెవరిచ్చారని మాత్రం ఎవరూ అడగలేదు. గడువు ఇంకో పది రోజులుందనగా వేరే ఊళ్ళో పని దొరికింది.

వాక్యాన్ని సగంలో తుంచినా, ఆ భాషలో అది పూర్తి ఆజ్ఞే. తెలుగులో "ఆర్డర్ల టేబుల్లో ఫలానా తేదీకి ముందువి..." అని ఆగిపోతే, ఎదుటివాడు "ఊఁ, వాటినేం చెయ్యమంటావు?" అని అడుగుతాడు తప్ప చెయ్యి కదపడు.

అందుకే కొత్తవాళ్ళకి నేను తెలుగు వరసే చెబుతాను. ముందు సెలెక్ట్‌తో, వేర్‌తో రాసి నడుపు. ఎన్ని వరసలొచ్చాయో చూసుకో. తర్వాత ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, అప్పుడు క్రియ మార్చు. రెండు లెక్కలూ కలిస్తేనే కమిట్. లేకపోతే రోల్‌బ్యాక్.

ఇది మన భాషాభిమానం మాత్రమే కాదండోయ్! 2007లో మైక్రోసాఫ్ట్ సీ-షార్ప్‌లో లింక్ తెచ్చినప్పుడు ఫ్రమ్‌ని ముందుకి, సెలెక్ట్‌ని చివరికి జరిపారు. టేబుల్ ఏదో ముందే తెలిస్తేనే కదా, పనిముట్టు కాలమ్‌ల పేర్లు అందించగలిగేది! ఎస్‌క్యూఎల్ కూడా అంతే. మనం ఏ వరసలో రాసినా, దాని అర్థం మాత్రం ఫ్రమ్, వేర్, ఆ తర్వాతే సెలెక్ట్ అన్న క్రమంలో సాగుతుంది.

మా టీములో ఒహాయో అమ్మాయి ఒకతె ఉంది. తెలుగు ముక్క రాదు. ఎవరైనా డిలీట్ నడపబోతుంటే కుర్చీ ఇటు తిప్పి, "తెలుగులో రాశావా?" అని అడుగుతుంది.