జర జరుగుండ్రి

పటాన్‌చెరులో పొద్దున ఆరు గంటలకు 218 నంబరు బస్సు ఎక్కేవాళ్లలో సగం మంది నిద్రకు పోతున్నవాళ్లు, సగం మంది నిద్రలోంచి లేచి వచ్చినవాళ్లు. రాత్రి షిఫ్టు దిగిన ఫ్యాక్టరీ కార్మికులు కిటికీకి తల ఆనించి, బస్సు కదలకముందే కళ్లు మూస్తారు. జోగిపేట, నారాయణఖేడ్, జహీరాబాద్ వైపు నుంచి తొలి బస్సుకు వచ్చి ఇక్కడ దిగినవాళ్లు మాత్రం ప్రతి బస్సు ముందూ నిలబడి అడుగుతుంటారు: “ఇది కోఠి పోతదా?” బోర్డు మీద కోఠి అని పెద్ద అక్షరాలతో రాసే ఉంటుంది. అడిగేవాళ్లకు చదవడం రాకపోవచ్చు. వచ్చినా, మనిషి నోట వింటే తప్ప ధైర్యం చాలకపోవచ్చు. అప్పటికి పదిమందికి జవాబు చెప్పిన డ్రైవరు పదకొండోసారి కూడా “పోతది, ఎక్కు పెద్దమ్మా” అంటాడు. ఈ దారిలో నేను నేర్చుకున్న మొదటి మర్యాద అది.

రామచంద్రాపురం నుంచి నాంపల్లిలోని ఆఫీసుకు ఇరవై ఏళ్లకు పైగా ఈ బస్సులోనే వెళ్లాను. ఉద్యోగం అయిపోయాక కూడా నెలకు రెండు మూడుసార్లు కోఠి పాత పుస్తకాల కోసం ఇదే ఎక్కుతాను. మొత్తం 30 కిలోమీటర్ల పైచిలుకు దారి. పుణె దగ్గర మొదలై మచిలీపట్నంలో సముద్రాన్ని చేరే 65వ నంబరు జాతీయ రహదారి చాలా దూరం దీని వెంటే నడుస్తుంది. మా పెద్దవాళ్లకు ఇప్పటికీ ఇది బొంబాయి రోడ్డే. నదికి ఉన్నట్టే దీనికీ ఉపనదులున్నాయి, రేవులున్నాయి, వరద పట్టే వేళలున్నాయి. ఒక్కో రేవులో ఒక్కో రకం మనుషులు వచ్చి కలుస్తారు. పక్కవాళ్లను కాస్త చోటిమ్మని అడిగే మాట కూడా రేవు రేవుకూ మారుతుంది.

నిరుడు వానాకాలంలో ఒక పొద్దున పటాన్‌చెరులోనే ఎక్కాల్సి వచ్చింది. నా వెనకే ఒక ముసలి జంట. నారాయణఖేడ్ దగ్గర ఒక తండా పక్క ఊరట. ఆమె చేతిలో సద్ది మూట, ఆయన చంకలో దవాఖానవాళ్లిచ్చిన పెద్ద ఎక్స్‌రే కవరు. ఉస్మానియాకు పోవాలి. ఆమె ముందు తలుపున ఎక్కి ఆడవాళ్ల సీట్లలో కూర్చుంది. ఆయన వెనక తలుపున ఎక్కి, మెడ నిక్కించి ఆమె తల కనబడుతోందో లేదో చూసుకున్నాడు. అరవై దాటిన దంపతులను ఒకే బస్సులో రెండు చివర్ల కూర్చోబెట్టే ఈ పద్ధతి నాకు ఎప్పుడూ కొంచెం బాధే. అయినా ఆ పద్ధతి లేకపోతే ఎనిమిదిన్నర బస్సులో ఏ ఆడపిల్లా స్థిమితంగా నిలబడలేదని కూడా నాకు తెలుసు.

ఇక్రిశాట్ గోడ, రామచంద్రాపురం దాటేసరికి పక్కవాడి తల మన భుజం మీదికి వస్తుంది. రాత్రంతా మిషను ముందు నిలబడిన మనిషి తల. బరువుగా, నూనె వాసనతో ఉంటుంది. కొత్తలో నేను భుజం ఎగరేసి వదిలించుకునేవాణ్ని. ఒకరోజు ఎదుటి సీటులోని పెద్దమనిషి చూసి ఏమీ అనకుండా లేచి నాతో చోటు మార్చుకున్నాడు. ఆ కార్మికుడి తలను తన భుజానికి సర్దుకుని, “ఎక్కడ దిగుతడో ఎరికేనా?” అని మాత్రం అడిగాడు. నాకు తెలియదు. ఆయన చందానగర్ దగ్గరికి రాగానే మెల్లగా తట్టి లేపి కనుక్కున్నాడు. భుజం ఇవ్వడం సగమే, దిగాల్సిన చోట లేపడం మిగతా సగం. దాని తరువాత నా భుజాన్ని ఎవరి తల మీదా ఎగరేయలేదు.

లింగంపల్లి దగ్గర ఎమ్ఎమ్‌టీఎస్ రైలు దిగినవాళ్లు వచ్చి కలుస్తారు. 2003 ఆగస్టులో ఆ రైళ్లు వచ్చాక నాంపల్లి, సికింద్రాబాద్ పోయేవాళ్లు కొందరు అటు మళ్లారు. చందానగర్, మదీనాగూడ, ఆల్విన్ చౌరస్తా వేగంగా గడిచిపోతాయి. ఆల్విన్ అంటే ఇప్పటి పిల్లలకు స్టాపు పేరు. ఒకప్పుడు ఈ ఊరి డబుల్ డెక్కర్ బస్సులకు బాడీలు కట్టిన కంపెనీ అది.

మియాపూర్ నుంచి బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. ఇక్కడే ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని మొదలవుతుంది. కండక్టరు ముందు ఎక్కడో ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని ఉంటాడు. వెనక ఫుట్‌బోర్డు మీది మనిషి ఒక నోటు ముందువాడికిచ్చి “అమీర్‌పేట ఒకటి” అంటాడు. ఆ నోటు చేతులు మారుతుంది. నోటుతోపాటు ‘అమీర్‌పేట ఒకటి’ అన్న మాట కూడా నోళ్లు మారుతుంది. ఏడెనిమిది చేతులు దాటి కండక్టరును చేరుతుంది. మళ్లీ అదే దారిన టికెట్, దాని మీద చిల్లర నాణేలు వెనక్కి వస్తాయి. ఆ మధ్యలోని చేతులు ఎవరివో ఇచ్చినవాడికి తెలియదు. ఇరవై ఏళ్లలో ఒక్క రూపాయి దారిలో తగ్గడం నేను చూడలేదు. చిల్లర లేకపోతే కండక్టరు టికెట్ వెనక బాకీ రాసిస్తాడు. దిగే ముందు ఆ బాకీని గుర్తుచేయడానికి మొహమాటపడేవాళ్ల తరఫున పక్కవాళ్లు అరుస్తారు: “కండక్టర్ సాబ్, ఈ పెద్దాయనకు పది ఇయ్యాలె!”

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమయ్యాక ముందుభాగం నుంచి డబ్బుల రాకపోకలు తగ్గాయి. ఆధార్ కార్డు చూపిస్తారు, కండక్టరు జీరో టికెట్ ఇస్తాడు. దానితోపాటు ఒక కొత్త అమర్యాద కూడా బస్సెక్కింది. “ఫ్రీ కదా, ఊరికే తిరుగుతున్నరు” అని గట్టిగా అనడం. ఎవరు తిరుగుతున్నారు? మియాపూర్‌లో ఎక్కి కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్ల గిన్నెలు తోమే ఆమె, ఇంతకుముందు సగం దూరం నడిచేది. ఆ మిగిలిన డబ్బు ఆమెకు నెలకు ఒక గ్యాసు బండలో కొంత భాగం. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకోవడం చూస్తాను. ఇంకొకరి టికెట్ లెక్క మనం అడగకూడదు. నిలబడి ప్రయాణం చేయడం కష్టమే, బస్సులు చాలకపోవడం నిజమే. ఆ కోపం పక్కనున్న ఆడమనిషి మీద పడకూడదు.

జేఎన్‌టీయూ, హౌసింగ్ బోర్డు, కూకట్‌పల్లి. ఇక్కడ బస్సులోని తెలుగు మారిపోతుంది. కోస్తా జిల్లాల నుంచి, రాయలసీమ నుంచి వచ్చి రెండు మూడు తరాలుగా స్థిరపడినవాళ్ల రేవు ఇది. లింగంపల్లి దాకా “జర జరుగుండ్రి” అన్నది ఇక్కడికొచ్చేసరికి “కొంచెం సర్దుకోండి” అవుతుంది. కర్నూలు కుర్రాడైతే “రవ్వంత జరుగన్నా” అంటాడు. సర్దుకోవడం వేరు, జరగడం వేరు. సర్దుకొమ్మంటే ఉన్నచోటే ఒదగమని. జరగమంటే నీ చోటులో కొంత నాకివ్వమని. ‘జర జరుగు’ అన్నదాన్ని ఒకసారి నోట్లో వేసుకుని చూడండి. మొదటి ‘జర’ ఉర్దూ నుంచి వచ్చింది, కొంచెం అని దానర్థం. రెండోది అచ్చ తెలుగు. ఆ తెలుగు మాటకు పక్కకు కదలడమనీ, ఏదైనా సంభవించడమనీ రెండర్థాలున్నాయి. రెండు భాషలు ఒకే సీటులో ఒదిగి కూర్చున్న మాట అది. ఈ ఊళ్లో తప్ప ఇంకెక్కడ పుడుతుంది?

ఆ పొద్దున నారాయణఖేడ్ పెద్దాయనకు మియాపూర్‌లో ఒక విద్యార్థి సీటిచ్చాడు. కూకట్‌పల్లిలో ఎక్కిన ఒకావిడ ముందువైపు ఆయన భార్య పక్కన నిలబడి, “సంచీ నా చేతికివ్వండి పిన్నిగారూ, కింద తడిగా ఉంది” అంది. కూర్చున్నవాళ్లు నిలబడ్డవాళ్ల సంచీ పట్టుకోవడం మామూలు. నిలబడ్డామె కూర్చున్నామె సంచీ పట్టుకోవడం నేను చూడటం అదే మొదటిసారి. ‘పిన్నిగారూ’ అన్న పిలుపు ఆ ముసలామెకు కొత్తగా ఉన్నట్టుంది. ఒక క్షణం చూసి, “నువ్వే జర కూసో బిడ్డా” అని తనే జరిగి జానెడు చోటిచ్చింది. ఇద్దరి సీటులో ముగ్గురు.

మూసాపేట దగ్గర లేబర్ అడ్డా. పొద్దున ఏడున్నరకల్లా మేస్త్రీలు, పెయింటర్లు, తట్టలు మోసే ఆడవాళ్లు రోడ్డు పక్కన నిలబడి పని ఇచ్చేవాళ్ల కోసం చూస్తుంటారు. పని దొరికినవాళ్లలో కొందరు బకెట్లు, బ్రష్షులు, తాపీలతో బస్సెక్కుతారు. బట్టల మీద నిన్నటి సున్నం. వాళ్లే ముందుగా ఒంటిని దగ్గరికి ముడుచుకుని, ఎవరికీ తగలకుండా తలుపు పక్కనే నిలబడతారు. ఉతికిన చొక్కా వేసుకున్న మనం చూపించాల్సిన జాగ్రత్త వాళ్లు చూపిస్తుంటారు. “లోపలికి రాండ్రి, జాగా ఉన్నది” అని ఒక్కరు పిలిస్తే చాలు, ఆ ముడుచుకున్న ఒళ్లు కొంచెం విప్పారుతుంది.

భరత్‌నగర్ వంతెన ఎక్కి దిగితే ఎర్రగడ్డ. ఇక్కణ్నుంచి ఇది దవాఖానల దారి. ఎర్రగడ్డలో మానసిక చికిత్సాలయం, ఛాతీ ఆసుపత్రి. పక్కనే ఈఎస్ఐ. పంజగుట్టలో నిమ్స్. లక్డీకాపూల్ దగ్గర రెడ్ హిల్స్‌లో పిల్లల కోసం 1953లో కట్టిన నీలోఫర్, క్యాన్సర్ రోగులకు ఎమ్ఎన్‌జే. కోఠిలో చెవి ముక్కు గొంతు ఆసుపత్రి, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రి. దానికి అవతల మూసీ ఒడ్డున ఉస్మానియా. పడమటి జిల్లాల పేదవాళ్ల రోగాలన్నీ ఈ ఒక్క రోడ్డు వెంట తూర్పుకు ప్రవహిస్తాయి. అందుకే ఈ బస్సులో ఎక్స్‌రే కవరు ఒక పాసు లాంటిది. దాన్ని చూడగానే ఎవరో ఒకరు లేస్తారు. అడిగించుకోరు.

ఒక్క ఛాతీ ఆసుపత్రి స్టాపులో మాత్రం లేవడం వేరుగా ఉంటుంది. దగ్గుతూ ఎక్కిన మనిషికి సీటు ఖాళీ చేస్తారు, ఆ పక్క సీటు కూడా ఖాళీ చేస్తారు. చుట్టూ ఖాళీతో ఒక్కడే కూర్చున్న ఆ మనిషిని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. క్షయకు వరసగా మందులు పడ్డాక అంటుకునే గుణం బాగా తగ్గిపోతుందని డాక్టర్లు చెబుతారు. మూతికి గుడ్డ కట్టుకోవడం, కట్టుకొమ్మని నెమ్మదిగా చెప్పడం, కిటికీ అద్దం తీసి గాలి ఆడనివ్వడం, ఇవి చాలు. ఓ కండక్టరమ్మ ఆ ఖాళీ సీటులో తానే కూర్చుని టికెట్ల లెక్క చూసుకుంది ఒకసారి. రెండు నిమిషాల్లో చుట్టుపక్కల సీట్లు నిండాయి.

అమీర్‌పేట వచ్చిందంటే వీపు సంచుల వరద. కోర్సులు నేర్చుకోవడానికి రెండు రాష్ట్రాల నుంచీ వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు. “బ్రో, కొంచెం” అంటారు. మిగతా వాక్యం అక్కర్లేదు. మంచి పిల్లలే, కానీ వీపున సంచీ ఉన్నట్టు వాళ్లకే గుర్తుండదు. తిరిగినప్పుడల్లా వెనకున్న పొట్టి మనిషి మొహానికి తగులుతుంది. సంచీ ముందుకు తగిలించుకోమని చెబితే వెంటనే వింటారు. ఫోను చప్పుడు తగ్గించమంటే మాత్రం కొందరికి కోపం. అదీ ఈ పిల్లలొక్కరి జబ్బే కాదు. నా వయసువాళ్లు ఎక్కువ మోగిస్తున్నారు.

మియాపూర్ నుంచి మా నెత్తిమీదే మెట్రో నడుస్తుంది. 2017 నవంబరులో మొదలైంది. దాని స్తంభాల నంబర్లే ఇప్పుడు ఈ రోడ్డుకు చిరునామాలు. మోకాళ్లు నొప్పెట్టిన రోజు నేనూ ఎక్కుతాను. చల్లగా, శుభ్రంగా, వేళకు నడుస్తుంది. దిగేవాళ్లను దిగనిచ్చాకే ఎక్కాలని గచ్చు మీద బాణాలు గీశారు. చాలామంది పాటిస్తారు. ఆ క్రమశిక్షణ కింద బస్సు తలుపుల దగ్గర లేదని ఒప్పుకుంటాను. కానీ అక్కడ తలుపుల సంగతి, సీట్ల సంగతి రికార్డు చేసిన గొంతు మూడు భాషల్లో చెబుతుంది కనుక మనుషులు ఒకరితో ఒకరు చెప్పుకోరు. కర్ర పట్టుకున్న ముసలాయన ఎక్కితే అందరూ ఫోన్లలోకి చూస్తూ, ఆ గొంతు ఎవరికో చెబుతోందని అనుకుంటారు. అన్నా అని, బిడ్డా అని ఎవరైనా ఒక్కసారి పిలిస్తే లేవనివాళ్లు ఉండరు. పిలిచే అలవాటే పోతోంది.

పంజగుట్ట, ఖైరతాబాద్. లక్డీకాపూల్‌లో సచివాలయం వైపు, ఆఫీసుల వైపు పోయేవాళ్లు “సార్, సార్” అనుకుంటూ దిగిపోతారు. అసెంబ్లీ దాటి నాంపల్లి చేరగానే మాట ఉర్దూలోకి తిరుగుతుంది. “భాయ్ సాబ్, జరా సరకో.” జనవరి ఒకటి నుంచి నుమాయిష్ ప్రదర్శన సాగే రోజుల్లో ఈ స్టాపులో సగం ఊరు దిగుతుంది. ఆ ఉర్దూలాగే బస్సూ ఇక్కడ పాతదే: 1932లో నిజాం సర్కారు 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా ఈ ఊరిదే. బస్సుల రిజిస్ట్రేషన్ నంబర్లలో వచ్చే జడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని పాత కండక్టర్లు చెప్పుకుంటారు.

కోఠిలో బస్సు ఖాళీ అయింది. ఆ జంటకు దారి చూపిద్దామని పుస్తకాల పని పక్కనపెట్టి వాళ్లతో నడిచాను. నడిచిపోయే దూరమే. ఉస్మానియా ఆవరణలో చింతచెట్టు చూపించాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది పోయినప్పుడు ఆ ఒక్క చెట్టు పట్టుకుని 150 మంది బతికారని చెప్పాను. ముసలామె చాలాసేపు కొమ్మల్లోకి చూసింది. “అంతమంది ఎట్ల పట్టిండ్రు బిడ్డా?” అంది.

ఓపీ చీటీల వరుస అప్పటికే బయటికి వచ్చేసింది. ఆమె వెళ్లి చివర నిలబడింది. గోడవార కూర్చున్న ఎవరో తల్లి, బుర్ఖా వేసుకున్నామె, పెద్దాయన చంకలోని కవరు చూసి తన సంచీ, చెంబు దగ్గరికి లాక్కుని, పిల్లాణ్ని ఒళ్లోకి ఎత్తుకుంది. పెద్దాయన ఆ జానెడు చోటులో మెల్లగా కూర్చున్నాడు.